సాలెగూటి వెండి, ఇంటర్ ల్యాబు వెండి

డిసెంబరు వచ్చిందంటే విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ గుంటూరు బజార్లలోనూ కాగితపు నక్షత్రాలు, క్రిస్మస్ చెట్టుకు కట్టే రంగు బంతులు దిగుతాయి. బంతుల్లో ఎక్కువ ప్లాస్టిక్‌వే. ఎప్పుడైనా ఊది చేసిన గాజు బంతి దొరికితే, పైనున్న రేకు మూతను మెల్లగా లాగి మెడలోంచి లోపలికి చూడండి. వెండి ఉండేది అక్కడ, గాజు లోపలి గోడకు. బయట పూసింది రంగు మాత్రమే.

ఇలాంటి గాజు బొమ్మల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సాలీడు. పండగ చెట్టు మీద సాలీడేమిటి అనిపించవచ్చు. ఉక్రెయిన్, పోలండ్, జర్మనీల్లో ఒక జానపద కథ ఉంది. ఒక పేద వితంతువు ఇంట్లో చెట్టయితే ఉంది గానీ దాన్ని అలంకరించడానికి చిల్లిగవ్వ లేదు. రాత్రి అందరూ పడుకున్నాక సాలీళ్లు వచ్చి చెట్టంతా గూడు అల్లాయి. పొద్దున్న ఎండ తగలగానే ఆ దారాలు వెండి, బంగారం అయ్యాయి. శ్రీకాళహస్తి స్థలపురాణం విన్న మనకు ఈ కథ పరాయిదిగా తోచదు. అక్కడ సాలీడు శివలింగానికి తన దారాలతోనే గుడి అల్లింది, దీపం తగిలి గూడు కాలిపోతే ఆ దీపాన్నే మింగబోయింది.

ఎండలో గూడు మెరవడం మాత్రం ఎవరైనా చూడొచ్చు. సాలీడు దారం మామూలుగా మన వెంట్రుకలో పదో వంతు మందం కూడా ఉండదు, పైగా దాదాపు పారదర్శకం. ఎండ ఏటవాలుగా పడితే వెలుగు చెదిరి అప్పుడు కంటికి ఆనుతుంది. ఆ దారం సాలీడు పొట్టలో ఉన్నప్పుడు ప్రోటీన్ ద్రవం. బయటికి లాగుతుంటే నీరు తగ్గి, అణువులు వరసకట్టి గట్టిపడుతుంది. దానికి మంట అక్కర్లేదు.

గాజుకు మంట కావాలి. జర్మనీలోని థురింజియా కొండల్లో లౌషా అనే ఊరు ఉంది. అక్కడ గాజు కొలిమి 1597లో మొదలైంది. పండగ బంతులు మాత్రం 1840ల్లో వచ్చాయి. 1867లో లౌషాకు గ్యాస్ రావడంతో మంటను కావలసినట్టు పెంచుకుని, తగ్గించుకుని పల్చటి పెద్ద బంతులు ఊదడం వీలైంది. గాజుకు మంచులా ఫలానా డిగ్రీకి కరిగే గుణం లేదు. వేడి పెరిగేకొద్దీ మెల్లగా మెత్తబడుతుంది. ఊదేటప్పుడు ఎక్కడ పల్చనైతే అక్కడ ముందు చల్లారి బిగుసుకుంటుంది, ఇంకా వేడిగా ఉన్న మందపాటి చోటే సాగుతుంది. బుడగ తన హెచ్చుతగ్గులను చాలావరకు తానే సర్దుకుంటుందన్నమాట. నాకు ఇది ఎంతో అందంగా కనిపిస్తుంది.

ఇక వెండి సంగతి. విజయవాడ, గుంటూరుల్లో ఇంటర్ కెమిస్ట్రీ చదివిన ఎవరినైనా టోలెన్స్ పరీక్ష అడగండి. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కాస్త సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే గోధుమ రంగు అవక్షేపం వస్తుంది. అది కరిగేదాకా చుక్క చుక్కగా అమోనియా కలపాలి. తర్వాత గ్లూకోజ్ వేసి పరీక్షనాళికను వేడినీళ్లలో ఉంచితే కాసేపటికి గాజు గోడ అద్దమైపోతుంది. గ్లూకోజ్ ఇచ్చిన ఎలక్ట్రాన్లతో వెండి అయాన్లు లోహంగా మారి గాజును పట్టుకుంటాయి. నాళిక శుభ్రంగా లేకపోతే అద్దం రాదు, నల్లటి పొడి దిగుతుంది. గ్లూకోజ్‌లా ఎలక్ట్రాన్లు ఇచ్చే ఆల్డిహైడ్లు అనే పదార్థాలు ఇలా వెండి పూత వేస్తాయని జర్మన్ రసాయన శాస్త్రవేత్త జస్టస్ ఫాన్ లీబిగ్ 1835లో గమనించాడు.

బంతుల్లో మొదట సీసం, తగరం పోసేవారు. తర్వాత లీబిగ్ బాట పట్టారు. బంతిలో కొద్దిగా ద్రావణం పోసి, వేడినీళ్లలో ముంచి, అన్ని వైపులా తగిలేలా ఊపుతారు. పూత మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా పల్చన. అయినా పడిన వెలుగులో 90 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. వెండిని బయట పూస్తే గాలిలోని గంధక వాయువులకు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్‌కు, పట్టీలు నల్లబడ్డట్టే నల్లబడుతుంది. లోపలైతే గాజే కాపలా. కాబట్టి మీ ఇంట్లో అలాంటి బంతి ఉంటే నీళ్లతో కడగకండి, మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, రేకు మూత వదులవకుండా చూసుకోండి.