‘ఎక్స్’ అనే ఊరి పేరు చివర ‘స్’ ఎక్కడిది?

ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌ని క్రీ.పూ. 122లో సెక్స్‌టియస్ కాల్వినస్ అనే రోమన్ సేనాని, అక్కడి సల్లువీ జనాన్ని ఓడించాక, వేడినీటి బుగ్గల పక్కన కట్టించాడు. పెట్టిన పేరు ఆక్వే సెక్స్‌టియే, అంటే సెక్స్‌టియస్ నీళ్లు. ఆక్వా అంటే నీరు, ఆక్వే దాని బహువచనం, మనం ‘నీళ్లు’ అన్నట్టే. సెక్స్‌టియే విశేషణం కాబట్టి ఆక్వేతో పాటే లింగం, వచనం, విభక్తి మార్చుకుంటుంది.

అంతవరకు బాగానే ఉంది కానీ, ఆక్వేలో ‘స్’ లేదు కదా!

జనం ఊరి పేరు ఎక్కువగా ఎత్తేది ‘అక్కడ ఉన్నాం’, ‘అక్కడి నుంచి వచ్చాం’ అని చెప్పేటప్పుడే, అలాంటి చోట లాటిన్‌లో ఊరి పేరుకి ఇంకో మాట తగిలించక్కర్లేదు, చివర మారితే చాలు: ఆక్వే కాస్తా ఆక్వీస్ అవుతుంది. రోమన్ల దారి పట్టికల్లో కూడా మజిలీల పేర్లు చాలావరకు ఈ రూపంలోనే ఉంటాయి. నోళ్లలో నలిగి ఎక్స్ అయింది ఈ ఆక్వీసే. మనకీ ఇది కొత్తేం కాదు, ఊరు ఏలూరు, ఇంటిపేరు ఏలూరి. విభక్తి కోసం మారిన రూపమే పేరుగా గడ్డకట్టింది.

జర్మనీలోని ఆహెన్ సంగతి నాకు ఇంకా ఇష్టం. గ్రన్నస్ అనే కెల్టిక్ దేవుడి నీళ్లు కాబట్టి ఆక్వే గ్రన్నీ, ఇక్కడ రెండో మాట షష్ఠీ విభక్తి. మధ్యయుగాల వాళ్లు దాన్ని ఆక్విస్‌గ్రానుమ్ అని ఒకే మాట చేసేశారు, లోపలున్నది విభక్తి అన్న సంగతే మరుగున పడింది. స్పెయిన్ వాళ్లు ఇప్పటికీ ఆ ఊరిని అకీస్‌గ్రాన్ అంటారు. పోర్చుగల్‌లో ఆక్వే ఫ్లావియే అయితే మొదటి మాటే పోగొట్టుకుంది, మిగిలిన ఫ్లావీస్ నుంచే షావెష్ అన్న పేరు వచ్చింది.

ఇంగ్లండ్‌లోని ఆక్వే సూలిస్‌ని పాత పుస్తకాలు ఆక్వే సోలిస్ అని రాసి సూర్యుడికి అంటగట్టాయి. లాటిన్‌లో సోలిస్ అంటే ‘సూర్యుడి’ అని. కానీ అక్కడ దొరికిన శాసనాల్లో ఉన్నది ‘సూలీ’, అంటే సూలిస్ అనే దేవతకి అని చతుర్థీ విభక్తిలో. తమ వస్తువులు ఎత్తుకుపోయిన దొంగల్ని శపించమని జనం సన్నటి లోహపు రేకుల మీద మొరపెట్టుకున్నదీ ఆవిడకే, 1979–80 తవ్వకాల్లో అలాంటి రేకులు 130 దాకా బయటపడ్డాయి. అక్కడ మాత్రం లాటిన్ పేరు నిలవలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఆ స్నానాల ఊరిని తమ మాటలోనే పిలుచుకున్నారు, అదే బాత్.