మనవలకు ఓడరేవు గుమాస్తా ఉత్తరం

విశాఖపట్నం

చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామిని చూసి బయటికి వస్తూ, అణుబాంబులు, విషవాయువులు దుర్మార్గుల చేతికి చిక్కకుండా ఎవరు ఆపుతారని మీరు అడిగితే, “ప్రభుత్వాలు” అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అది అబద్ధం కాదు గానీ, ఓడరేవు దగ్గర ఎగుమతి, దిగుమతి సరుకుల కాగితాలు చూసే క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినవాడు చెప్పవలసిన జవాబు కాదు.

అణుబాంబుకు కావలసిన యురేనియాన్ని శుద్ధి చెయ్యడానికి పెద్ద యంత్రాగారాలు కావాలి, వాటిని దాచడం కష్టం. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సీళ్లు వేసి, కెమెరాలు పెట్టి ఆ సరుకు లెక్క చూస్తుంది. రసాయనాలతోనే అసలు చిక్కు. థయోడైగ్లైకాల్ అనే ద్రవం ఉంది. బాల్‌పెన్ను సిరాలోనూ, బట్టల అద్దకంలోనూ వాడతారు. మనుషుల ఒంటిమీద బొబ్బలెక్కించి, ఊపిరితిత్తులను పాడుచేసే మస్టర్డ్ వాయువుకూ అదే ముడిసరుకు. డ్రమ్మును చూస్తే అది పెన్నుకు పోతోందో, యుద్ధానికి పోతోందో తెలియదు.

1980లలో ఒక డచ్ వ్యాపారి ఈ ద్రవాన్ని వెయ్యి టన్నులకు పైగా ఇరాక్‌కు అమ్మాడు. ఇరాక్ తన రసాయన ఆయుధాలను ఇరాన్ సైనికుల మీదా, 1988 మార్చి 16న హలాబ్జా అనే కుర్దుల పట్టణం మీదా ప్రయోగించింది. ఆ ఒక్క పట్టణంలోనే వేలమంది చనిపోయారు. ఆ వ్యాపారి బాంబు వెయ్యలేదు, సరుకు మాత్రమే అమ్మాడు. అయినా 2005లో హేగ్ నగరంలోని న్యాయస్థానం అతనికి 15 ఏళ్ల జైలుశిక్ష వేసింది, అప్పీలులో అది ఇంకా పెరిగింది. నాకు ఆ తీర్పు న్యాయంగానే తోచింది.

రసాయన ఆయుధాలను నిషేధించే ఒప్పందం 1997లో అమలులోకి వచ్చింది, ఇప్పుడు 193 దేశాలు అందులో ఉన్నాయి. మన దేశం తన దగ్గరున్న నిల్వలను తానే ప్రకటించి, 2009 నాటికి పూర్తిగా నాశనం చేసింది. థయోడైగ్లైకాల్ వంటి వాటిని ఒప్పందంలో లేని దేశానికి అమ్మకూడదు. మిగతా దేశాలకు పంపాలన్నా మన దగ్గర లైసెన్సు కావాలి, కొన్నవాడు దేనికి వాడతాడో రాసివ్వాలి.

ఇక్కడే గుమాస్తా పని మొదలవుతుంది. ఒకే రసాయనానికి పది పేర్లుంటాయి, కానీ దాన్ని గుర్తుపట్టడానికి ప్రపంచమంతా వాడే క్యాస్ నంబరు ఒక్కటే. థయోడైగ్లైకాల్‌ది 111-48-8. చివరి 8ని పక్కన పెట్టి, మిగిలిన అంకెలను కుడి నుంచి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5తో గుణించి కూడండి: 8+8+3+4+5, మొత్తం 28. దాని చివరి అంకె 8, పక్కన పెట్టినదీ 8. ఈ రెండూ కలవకపోతే ఆ నంబరు తప్పన్నమాట. (బుజ్జీ, లెక్కలెందుకు తాతయ్యా అన్నావుగా, ఇందుకు.)

ఒకసారి ఒక షిప్పింగ్ బిల్లులో (ఎగుమతి సరుకు గురించి కస్టమ్స్‌కు ఇచ్చే కాగితం) సరుకు పేరు చోట “అద్దకం రసాయనం” అని మాత్రమే ఉంది, నంబరు వేసి చూస్తే లెక్క కుదరలేదు. కొనేవాడి చిరునామా ఒక గది ఆఫీసు, అతనికి అద్దకపు మిల్లు ఉన్న జాడ లేదు. సాయంత్రం ఓడ ఉంది, ఎగుమతిదారు ఫోనులో అరుస్తున్నాడు, సంతకం చేసేద్దామని కలం మూత కూడా తీశాను. ఎందుకో మనసొప్పక, ఆ గది వెనుక అసలు వాడేదెవరో కాగితం తెప్పించమన్నాను. ఓడ వెళ్లిపోయింది. తొమ్మిది రోజుల తరువాత మిల్లువాళ్ల ఉత్తరమూ, సరైన నంబరూ వచ్చాయి; టైపు చేసినవాడు రెండంకెలు తారుమారు చేశాడట. అది మామూలు అద్దకపు సరుకే. ఆ ఎగుమతిదారు మళ్లీ మా ఆఫీసుకు రాలేదు, మా యజమాని నెలరోజులపాటు నాతో సరిగా మాట్లాడలేదు.

మీ తాతయ్య