వైరస్ పోయినా ఆయాసం ఎందుకు పోదు? అపోహలు - వాస్తవాలు

అపోహ: జ్వరం తగ్గింది, వైరస్ పోయింది. ఇక ఊపిరితిత్తులు మునుపటిలా అయిపోయినట్టే.

చాలామందికి నిజంగానే అంతే. కొందరిలో మాత్రం వైరస్ పోయాక అసలు గొడవ మొదలవుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకలకు సెండై అనే వైరస్ ఎక్కించి చూశారు. రెండు వారాలు తిరిగేసరికి వైరస్ తుడిచిపెట్టుకుపోయింది. ఏడో వారంలో చూస్తే, శ్వాసనాళాల లోపలి పొరలో కఫం తయారుచేసే కణాలు దట్టంగా పెరిగి ఉన్నాయి. వాటిని ఉసిగొల్పేది ఐఎల్-13 అనే రసాయన సంకేతం. దాన్ని వదులుతున్నవాటిలో మాక్రోఫేజ్‌లు ఉన్నాయి. అంటే, చెత్త ఊడ్చాల్సిన రక్షక కణాలే! దెబ్బతిన్న పొర నుంచి వచ్చే ఐఎల్-33 అనే మరో సంకేతం ఈ వ్యవహారాన్ని ఎగదోస్తూనే ఉంటుంది. ఎలుకల్లో జరిగిందంతా మనకూ జరగాలని లేదు. కానీ దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధి ఉన్న మనుషుల్లోనూ ఇలాంటి స్పందన ఆనవాళ్లు 2008లోనే కనిపించాయి.

అందుకే జలుబు తర్వాత దగ్గు లాగుతోందని మెడికల్ షాపులో మళ్లీ బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ కొనుక్కోవడం నాకు సుతరామూ నచ్చదు. దగ్గు రెండు వారాలు దాటితే ముందు తెమడ పరీక్ష చేయించి, టీబీ కాదని తేల్చుకోండి.

అపోహ: ఇమ్యూనిటీ ఎంత పెంచుకుంటే అంత మంచిది.

కోవిడ్ రోజుల్లో కషాయాలు తాగి తాగి కడుపు మంట తెచ్చుకున్నవాళ్లున్నారు. 2020లో బ్రిటన్‌లో 'రికవరీ' పేరుతో జరిగిన ట్రయల్‌లో వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల మరణాలను మూడో వంతు తగ్గించింది డెక్సామెథసోన్. అది రోగనిరోధక స్పందనను అణిచే మందు. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల లాభం కనిపించలేదు. స్పందన ఉండాలి, పని కాగానే ఆగాలి కూడా.

అపోహ: పసితనంలో ఆర్‌ఎస్‌వి (పిల్లల ఊపిరితిత్తులకు సోకే ఒక వైరస్) వస్తే పెద్దయ్యాక ఉబ్బసం ఖాయం.

"బాబు డొక్కలు ఎగరేస్తున్నాడు డాక్టర్ గారూ" అంటూ ఫోన్‌లో వీడియో చూపించే తల్లులు తర్వాత అడిగేది ఇదే. ఖాయమేమీ కాదు. నెదర్లాండ్స్‌లో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆర్‌ఎస్‌విని అడ్డుకునే పాలివిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తే, మొదటి ఏడాది పిల్లికూతలు బాగా తగ్గాయి. ఆరేళ్లు వచ్చాక ఊదించి చూస్తే, ఊపిరితిత్తుల పనితీరులో తేడా లేదు. ఇంట్లో ఉబ్బసం చరిత్ర, పొగ, జలుబు తెచ్చే రైనోవైరస్‌తో పదేపదే వచ్చే పిల్లికూతలు, వీటన్నిటినీ కలిపి చూడాలి.

అపోహ: ఇన్హేలర్ అలవాటైపోతుంది.

అలవాటు కాదు. ఉబ్బసంలో వాడే స్టెరాయిడ్ ఇన్హేలర్ శ్వాసనాళాల లోపలి వాపును తగ్గిస్తుంది. ఆయాసం లేని రోజున కూడా, డాక్టర్ ఆపమనేదాకా వాడాలి. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.