డిశ్చార్జి బుక్కులో ఒక ర్యాంకు, పీపీఓలో ఇంకో ర్యాంకు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో మాజీ సైనికుల కాగితాలు తిరగేస్తే ఒకే మనిషికి రెండు ర్యాంకులు కనిపించడం కొత్తేమీ కాదు. డిశ్చార్జి బుక్కులో నాయబ్ సుబేదార్ అని ఉంటుంది, పింఛను మంజూరు చేసే పీపీఓలో (పెన్షన్ పేమెంట్ ఆర్డరు) దానికి ఒక మెట్టు కింది హవల్దార్ అని ఉంటుంది. మెడల్స్ సంగతి మరీ గజిబిజి. బీరువాలో ఉన్న మెడల్ బుక్కులో ఎక్కి ఉండదు, బుక్కులో ఎక్కిన మెడల్ చేతికి వచ్చి ఉండదు. వెంటనే "తప్పు రాశారు, సరిచేయండి" అని అర్జీ పెట్టేస్తారు. ఆ అర్జీల్లో చాలావాటికి ఒకే వాక్యంలో తిరస్కారం వస్తుంది. కారణం తెలియాలంటే ఈ కాగితాలు ఎక్కడ పుడతాయో ముందు చూడాలి.

ఆర్మీలో జవానుకు సంబంధించిన ప్రతి మార్పూ, అంటే ప్రమోషన్, పోస్టింగ్, పెళ్లి, బిడ్డ పుట్టడం, మెడల్ రావడం, యూనిట్ ఆఫీసులో పార్ట్ టూ ఆర్డరుగా వెలువడుతుంది. దాని ప్రతి ఒకటి రికార్డ్స్ ఆఫీసుకు, ఇంకొకటి జీతాల లెక్క చూసే పీఏఓకు వెళుతుంది. రికార్డ్స్‌లో ఆ మనిషి షీట్ రోల్ మీద దాన్ని ఎక్కిస్తారు. అసలు రికార్డు ఆ షీట్ రోలే. ఇంటికి పంపేముందు చేతికిచ్చే డిశ్చార్జి బుక్కు దాన్ని చూసి రాసిన నకలు. పింఛను కాగితాలు అదే షీట్ రోల్ నుంచి విడిగా తయారై అలహాబాద్‌కు, అంటే ఇప్పటి ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ ఆఫీసుకు వెళతాయి. అక్కడ పీపీఓ పుడుతుంది. కాబట్టి బుక్కు, పీపీఓ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కావు. రెండింటికీ మూలం వేరేచోట ఉంది. బుక్కు చూపించి పీపీఓ మార్చమంటే ఎవరూ మార్చరు. పార్ట్ టూ ఆర్డర్ నంబరు, తేదీ చూపిస్తే వినక తప్పదు.

ఇక ఆ మూలం, అంటే షీట్ రోల్ ఉండే రికార్డ్స్ ఆఫీసు, ఎక్కడుందన్నది. మద్రాస్ రెజిమెంట్ వారిది నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ శాపర్లది బెంగళూరు. ఆర్టిలరీది నాసిక్ రోడ్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్), ఆర్డ్‌నెన్స్ కోర్ వారిది సికింద్రాబాద్, మెడికల్ కోర్ వారిది లక్నో. నేవీ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో, ఎయిర్ ఫోర్స్ వారికి ఢిల్లీ సుబ్రతో పార్క్. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా, పక్కనే కనుక అక్కడ అడుగుదామని వెళ్లేవారుంటారు. అది శిక్షణ ఇచ్చే చోటు, ఈ పని దానిది కాదు. జిల్లా సైనిక్ బోర్డు కూడా అర్జీకి సంతకం పెట్టి ముందుకు పంపగలదు, అంతే. ర్యాంకు మార్చే అధికారం బోర్డుకు లేదు, బ్యాంకుకు అసలే లేదు.

మన ప్రాంతానికి అదనంగా ఒక చిక్కుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజున బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి పట్నం ఒరిస్సాలోకి వెళ్లాయి. టెక్కలి, శ్రీకాకుళం వైపు భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. ఒడిశా వైపు 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ విడిపోయాయి. మనిషి ఊరు కదలకపోయినా కాగితం మీద జిల్లా రెండుసార్లు, రాష్ట్రం ఒకసారి మారి ఉండొచ్చు. సరిహద్దు అవతలి మేనమామ ఇంటి చిరునామాతో భర్తీ అయినవారికైతే ఇంకా తిప్పలు. ఇచ్ఛాపురం చిరునామాతో చేరి పింఛను బరంపురంలో తీసుకుంటుంటే, రికార్డ్స్ వారు పంపే ఉత్తరం అవతలి జిల్లా సైనిక ఆఫీసుకు పోతుంది.

పేరు కూడా ఇలాగే జారుతుంది. ఆర్మీలో ఇంటిపేరు ముందుంటే ఆధార్‌లో చివరికి వెళ్లింది. అప్పారావు ఒకచోట ఒక్క మాట, ఇంకోచోట రెండు మాటలు. ఒడియాలో రాసి ఇంగ్లీషులోకి తెచ్చినచోట వెంకటరావు బెంకటరావు అయ్యాడు. ర్యాంకు అర్జీ పెట్టేముందు ఈ పేరు తేడా తేల్చుకోకపోతే, మీరు ఆ మనిషేనా అన్న ప్రశ్న దగ్గరే కాగితం ఆగిపోతుంది.

ఇక ర్యాంకు గొడవ. ఇందులో నాలుగు రకాల తేడాలుంటాయి, వాటిలో రాతలో జరిగిన నిజమైన తప్పు ఒక్కటే.

మొదటిది పది నెలల నిబంధన. 2006 జనవరి 1కి ముందు రిటైరైన జవాన్లకూ జేసీఓలకూ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు, అంటే నాయబ్ సుబేదార్, ఆ పై ర్యాంకులవారు) కనీసం పది నెలలు చేసిన ర్యాంకు మీద పింఛను లెక్కగట్టేవారు. ఏడు నెలలు నాయబ్ సుబేదార్‌గా చేసి ఇంటికొచ్చినవాడికి బుక్కులో నాయబ్ సుబేదార్ అనే ఉంటుంది, పింఛను మాత్రం హవల్దార్‌ది. రెండు కాగితాలూ ఆనాటి నిబంధన ప్రకారం సరైనవే. దీన్ని గుమాస్తా పొరపాటుగా చూపించి అర్జీ రాస్తే నిలబడదు.

రెండోది గౌరవ ర్యాంకు. రిటైరైన హవల్దార్లకు గౌరవ నాయబ్ సుబేదార్, జేసీఓలకు గౌరవ లెఫ్టినెంట్, కెప్టెన్ హోదాలు జనవరి 26న, ఆగస్టు 15న ప్రకటిస్తారు. మనిషి ఇంటికొచ్చాక ప్రకటన వెలువడితే అప్పటికే మూసేసిన డిశ్చార్జి బుక్కులో అది ఉండదు. గౌరవ నాయబ్ సుబేదార్‌కు పూర్వం నెలకు వంద రూపాయలు మాత్రమే అదనంగా వచ్చేవి. 2009 జూన్ 12 నాటి రక్షణ శాఖ ఉత్తర్వుతో 2006 జనవరి 1 నుంచి రిటైరైనవారికి నాయబ్ సుబేదార్ జీతం మీదే పింఛను లెక్కగట్టడం మొదలైంది. అంతకుముందు రిటైరైనవారిని వదిలేశారని చండీగఢ్‌లోని సైనిక ట్రిబ్యునల్‌కు వెళితే 2010లో వారికీ వర్తిస్తుందని తీర్పొచ్చింది, సుప్రీంకోర్టు దాన్ని కదపలేదు. ఇప్పటికీ వంద రూపాయల లెక్కలోనే ఉండిపోయిన పాత పీపీఓ ఉంటే దాని మీద అర్జీ పెట్టాల్సిందే. అందులో అడగాల్సింది బుక్కు దిద్దమని కాదు. గౌరవ ర్యాంకు ప్రకటించిన ఉత్తర్వు జతచేసి కొరిజెండం పీపీఓ, అంటే సవరించిన పీపీఓ అడగాలి.

మూడోది ఎంఏసీపీ (మాడిఫైడ్ అష్యూర్డ్ కెరీర్ ప్రోగ్రెషన్). 2008 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ పద్ధతిలో ప్రమోషన్ లేకపోయినా 8, 16, 24 ఏళ్లకు పై మెట్టు జీతం వస్తుంది. జీతం హవల్దార్ మెట్టుది, భుజం మీద నాయక్ పట్టీలు. అది ర్యాంకు కాదు. జీతం స్లిప్పు చూసి మావాడు హవల్దార్ అని ఇంట్లో అందరూ అనుకోవడం దగ్గర మొదలైన అపార్థాలు ఎన్నో.

నాలుగోదే అసలు తప్పు. యూనిట్ వెలువరించిన పార్ట్ టూ ఆర్డర్ రికార్డ్స్‌కు చేరకపోవడం, చేరినా ఎక్కించకపోవడం, ప్రమోషన్ తేదీ తప్పుపడి పది నెలల లెక్క తగ్గడం. రిటైర్మెంట్‌కు ఏడాది ముందు పోస్టింగ్ మీద ఒక యూనిట్ నుంచి ఇంకోదానికి మారినవారి విషయంలో ఇది ఎక్కువ, ఎందుకంటే పాత యూనిట్ పంపిందో లేదో కొత్త యూనిట్‌కు తెలియదు.

ఇవికాక రెండు చిన్న మెలికలు. జేసీఓ అయినవాడికి కొత్తగా జేసీ నంబరు వస్తుంది, సిపాయిగా ఉన్నప్పటి నంబరు వేరు. అర్జీలో ఒక్కటే రాస్తే సగం కాగితాలు దొరకవు. రెండూ రాయాలి, చివరి అక్షరంతో సహా. రెండోది డీఎస్‌సీ. ఆర్మీలో హవల్దార్‌గా రిటైరై మళ్లీ డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో చేరినవాడు అక్కడ కింది ర్యాంకు నుంచి మొదలుపెడతాడు. కన్నూర్ రికార్డ్స్ ఇచ్చే రెండో డిశ్చార్జి బుక్కులో చిన్న ర్యాంకు కనిపిస్తే ఎవరో తగ్గించారని కాదు. రెండు సర్వీసులు, రెండు పీపీఓలు, రెండు రికార్డ్స్ ఆఫీసులు. ఏ సర్వీసు తప్పుకు ఆ ఆఫీసుకే రాయాలి.

తాతల కాలపు కాగితాల్లో జమేదార్ అని ఉంటే కంగారుపడొద్దు. 1965లో ఆ హోదాకే నాయబ్ సుబేదార్ అని పేరు మార్చారు. అలాగే శాపర్, గన్నర్, సిగ్నల్‌మన్, క్రాఫ్ట్స్‌మన్ అన్నీ సిపాయి స్థాయివే.

మెడల్స్ విషయంలో కుటుంబాలు తెలుసుకోవాల్సింది, అన్నిటికీ ఒకే రకమైన రుజువు ఉండదని. వీరచక్ర, శౌర్యచక్ర, సేనా మెడల్ లాంటివి రాష్ట్రపతి పేరుతో గెజిట్‌లో వస్తాయి. గెజిట్ తేదీ దొరికితే సగం పని అయినట్టే. అశోకచక్ర మూడు తరగతులను 1967లో అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్రగా మార్చారు. అంతకుముందు మూడో తరగతి అశోకచక్ర పొందినవారిది ఈనాటి లెక్కలో శౌర్యచక్ర. ఈ తేడా తెలియక ఒకవైపు పెద్ద అలవెన్సు అడగడం, ఇంకోవైపు ఆఫీసు మొత్తానికే కొట్టేయడం, రెండూ జరుగుతాయి. 2017 ఆగస్టు 1 నుంచి శౌర్యచక్రకు నెలకు 6,000, సాహసానికిచ్చిన సేనా మెడల్‌కు 2,000 రూపాయల అలవెన్సు ఉంది. విశిష్ట సేవకిచ్చిన సేనా మెడల్‌కు ఆ అలవెన్సు రాదు. కాబట్టి ఎందుకిచ్చారో చెప్పే సైటేషన్ పోగొట్టుకోకూడదు.

యుద్ధ మెడల్స్, సేవా మెడల్స్ పేరుపేరునా గెజిట్‌లో రావు. యూనిట్ నామినల్ రోల్, అంటే అర్హుల పేర్ల జాబితా పంపితే రికార్డ్స్ మంజూరు చేస్తుంది. అక్కడే చాలామంది జారిపోయారు. 1971లో సొంత యూనిట్ పేరు మీద ఉండి వేరే యూనిట్‌తో అటాచ్‌మెంట్‌లో పనిచేసినవాడిని ఇటూ రాయలేదు, అటూ రాయలేదు. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్ ఏ రంగంలో పనిచేశాడన్న దాని మీద ఆధారపడతాయి, కాబట్టి రుజువు కష్టం. తేదీల మీద ఆధారపడినవి తేలిక. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్, 1997 ఆగస్టు 15న ఉన్నవారికి స్వర్ణోత్సవ మెడల్ వస్తాయి. 1965 ఆగస్టు 5న సర్వీసులో ఉండి 180 రోజులు పూర్తిచేసినవారికి రక్షా మెడల్. చేరిన తేదీ, దిగిన తేదీ చూస్తే ఇంట్లో కూర్చునే లెక్క చెప్పొచ్చు. 1968లో చేరి 1985లో దిగినవాడి బుక్కులో 1972 మెడల్ లేకపోతే అది నిస్సందేహంగా రాతలో లోపమే. అర్జీ అలాంటివాటితో మొదలుపెడితే రికార్డ్స్‌లో ఫైలు కదులుతుంది, కష్టమైనవి ఆ తర్వాత అడగొచ్చు. మెడల్ తయారై వచ్చేలోపు రిటైరై రిబ్బన్‌తోనే సరిపెట్టుకున్నవారు అసలు మెడల్ అడగొచ్చు. అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, బజారు నకలుకు అవి ఉండవు.

పింఛను లేకుండా వచ్చేసినవారి కుటుంబాలకు అన్నిటికన్నా చేదు జవాబు వస్తుంది. పింఛను లేనివారి షీట్ రోల్ 25 ఏళ్లు దాటాక ఆర్మీ రెగ్యులేషన్ల 595వ పేరా ప్రకారం ధ్వంసం చేస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో చేరి 1946లో ఇంటికొచ్చిన సిపాయిల షీట్ రోళ్లు అలాగే పోయాయి. అయినా లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరు మిగులుతుంది. నంబరు, పేరు, చేరిన తేదీ, దిగిన తేదీ లాంటి కొద్ది వివరాలు అందులో ఉంటాయి. "కాగితాలు లేవు" అన్న ఉత్తరంతో ఆగిపోకుండా లాంగ్ రోల్ నకలు అడగాలి.

ర్యాంకు తేడా ఇంతకాలం ఎందుకు బయటపడలేదంటే, పింఛను ఒకే రేటున వస్తున్నన్నాళ్లూ ఎవరూ పీపీఓ తెరిచి చూడలేదు. 2014 జూలై 1 నుంచి వర్తించేలా 2015లో ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకుకు ఒకే పింఛను) వచ్చి ర్యాంకు, గ్రూపు, సర్వీసు ఏళ్ల వారీగా పట్టికలు వెలువడ్డాక పక్కింటివాడి అంకెతో పోల్చుకోవడం మొదలైంది. ఆ తర్వాత పాత పీపీఓల వివరాలు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పింఛను పోర్టల్‌లోకి ఎక్కించినప్పుడు కొత్త తప్పులూ చేరాయి. పీపీఓలో సరిగ్గా ఉండి స్పర్శ్‌లో మాత్రమే తప్పుంటే అక్కడే సర్వీస్ రిక్వెస్ట్ పెడితే చాలు. పీపీఓలోనే తప్పుంటే స్పర్శ్‌లో ఎన్ని ఫిర్యాదులు పెట్టినా రికార్డ్స్‌కే తిప్పి పంపుతారు.

కాబట్టి మొదటి అడుగు సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో షీట్ రోల్ నకలు, ర్యాంకు మార్పుల పార్ట్ టూ ఆర్డర్ నంబర్లు, మంజూరైన మెడల్స్ జాబితా అడగాలి. గడువు 30 రోజులు. భార్య అడుగుతుంటే పీపీఓ, తన గుర్తింపు కాగితం జతచేయాలి, లేకపోతే ఇతరుల వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు. నకలు వచ్చాక ఒక్కో తప్పుకు ఒక్కో అర్జీ రికార్డ్స్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపాలి. ర్యాంకు, మెడల్, పేరు అన్నీ ఒకే ఉత్తరంలో పెడితే మూడు సెక్షన్ల మధ్య తిరుగుతూ ఉండిపోతుంది. డిశ్చార్జి బుక్కు అసలు ప్రతి పంపకూడదు, రికార్డ్స్ అడిగితే తప్ప. దాన్ని లామినేషన్ చేయించకూడదు కూడా, ఆ తర్వాత దిద్దుబాటు రాసి ముద్ర వేయడానికి చోటుండదు.

తిరస్కరిస్తే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో వచ్చి 2009లో పని మొదలుపెట్టింది. తిరస్కార ఉత్తర్వు తేదీ నుంచి ఆరు నెలల్లో వెళ్లాలి. అర్జీకి ఆరు నెలలు జవాబే రాకపోతే ఆ తర్వాత ఇంకో ఆరు నెలల గడువు. ఇక్కడా సరిహద్దు అడ్డొస్తుంది. ఒడిశాలో ఉండేవారికి కోల్‌కతా బెంచి, ఆంధ్రలో ఉండేవారికి చెన్నై బెంచి. పర్లాకిమిడిలో ఉన్న అన్న కోల్‌కతాకు, పాతపట్నంలో ఉన్న తమ్ముడు చెన్నైకి వెళ్లాలి, రెండు ఊళ్లూ ఆనుకునే ఉన్నా. రిటైరైనవారు ప్రస్తుతం నివాసముండే చోటును బట్టి కేసు వేయొచ్చు కాబట్టి ఆధార్‌లో ఏ చిరునామా ఉందో వకాలతు మీద సంతకం చేసేముందే చూసుకోవాలి. పింఛను తప్పు నెలనెలా కొనసాగేది కనుక ఆలస్యమైందని కేసు కొట్టేయరు. అయితే 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం బకాయిలు మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితం.