పోగు విప్పి చూస్తే: సహజ బట్టల మీద అపోహలు, వాస్తవాలు

బట్టల్ని పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తానని తెలిస్తే చాలు, చుట్టాలూ స్నేహితులూ కొంగో చొక్కా అంచో నా చేతిలో పెట్టి "ఇది ప్యూరేనా?" అని అడుగుతారు. పద్దెనిమిదేళ్లుగా ఇదే ప్రశ్న. నేనూ వాళ్ల తృప్తి కోసం రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తుంటాను గానీ, వేళ్లకు తెలిసేది చాలా తక్కువ. బట్ట అంటే నాలుగు సంగతులు: ఏ పీచు, ఎలా వడికారు, ఎలా నేశారు, నేశాక దాని మీద ఏం పూశారు. చేతికి ముందు తగిలేది ఆ నాలుగోది. మనం అడిగేది మాత్రం ఎప్పుడూ మొదటిదే. కింద చెప్పబోయే అపోహల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: కాల్చి చూస్తే అసలు సంగతి తేలిపోతుంది

సగం నిజం. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, మెలిపెట్టి, పట్టకారుతో పట్టుకుని మంటకు పక్కనుంచి దగ్గర పెట్టండి. పత్తి అయితే టక్కున అంటుకుంటుంది, కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు, ఉన్ని మంటకు దూరంగా ముడుచుకుంటాయి, మెల్లగా కాలతాయి. జుట్టు కాలిన వాసన, నల్లటి పూస. నలిపితే ఆ పూస పొడైపోతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది, అది గోటికి లొంగదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు విస్కోస్‌తో వస్తుంది. చెక్క గుజ్జును రసాయనాల్లో కరిగించి, మళ్లీ దారంగా లాగితే వచ్చేది విస్కోస్. అదీ సెల్యులోజే (మొక్కల పీచుకు మూలపదార్థం), పత్తీ సెల్యులోజే. కాబట్టి రెండూ ఒకేలా కాలతాయి, ఒకే వాసన వేస్తాయి. మంట ముందు తేడా తెలియదు. మైక్రోస్కోపు కింద పెడితే వెంటనే తెలుస్తుంది. పత్తి పీచు గాలి పోయిన సైకిల్ ట్యూబును మెలితిప్పినట్టు ఉంటుంది. అవిసె పీచుకు, అంటే లినెన్‌కు, వెదురు కర్రలా కణుపులుంటాయి. ఉన్నికి చేప పొలుసుల్లాంటి పొరలు, గమ్ము, అంటే పైనుండే సహజమైన జిగురు, తీసిన పట్టు గాజు కడ్డీలా నున్నగా. విస్కోస్‌కు మెలికలుండవు, పొడవునా గీతలుంటాయి.

ఇంకో పొరపాటు, ఒక్క వైపు పోగులే కాల్చి చూడటం. పడుగు పట్టు పెట్టి, పేక వేరే దారం పెట్టి నేసిన బట్టలు బోలెడు. నిలువు పోగు వేరుగా, అడ్డ పోగు వేరుగా కాల్చాలి. ఒకే పోగులో రెండు రకాల పీచు కలిపి వడికి ఉంటే మాత్రం అగ్గిపుల్ల మీద ఆశ వదులుకోండి.

(పట్టు చీర ఉంగరంలోంచి దూరితే అసలైనదే అనే పరీక్ష ఒకటుంది. పలచటి పాలియెస్టర్ కూడా హాయిగా దూరుతుంది.)

అపోహ: సాటిన్, క్రేప్, జార్జెట్ పట్టులో రకాలు

కాదు. సాటిన్ ఒక నేత పద్ధతి. క్రేప్, జార్జెట్ అనేవి దారానికి గట్టి పురి పెట్టి నేయడం వల్ల వచ్చే గుణం. వాటిని పట్టుతో నేయొచ్చు, పాలియెస్టర్‌తోనూ నేయొచ్చు. "సాటిన్" అని రాసి ఉందంటే ఎలా నేశారో చెప్పారు, దేనితో నేశారో చెప్పలేదు.

అపోహ: కాటన్ చల్లన, ఉన్ని వేడి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అపోహ ఇది. ఎందుకంటే పీచుకు చల్లదనం, వేడి అంటూ ఉండవు. గాలిని ఎంత పట్టి ఉంచుతుంది, తేమను ఎలా తీసుకుంటుంది, ఈ రెండే లెక్క.

ల్యాబ్‌లో ప్రతి పీచుకూ తేమ లెక్క ఒకటి ఉంటుంది. పూర్తిగా ఎండబెట్టిన పీచు మామూలు గాలిలో తన బరువులో ఎంత శాతం తేమను లాక్కుంటుందన్నది. పత్తికి సుమారు 8.5, పట్టుకు 11, లినెన్‌కు 12, ఉన్నికి 16 శాతం దరిదాపుల్లో. పాలియెస్టర్‌కు 0.4. చూశారా, చెమట పీల్చడంలో పేరుమోసిన పత్తి సహజ పీచుల వరుసలో కింద నిలబడింది! ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు నీటి ఆవిరిని లోపల దాచుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. పైగా ఆవిరిని లాక్కునేటప్పుడు కాస్త వేడిని విడుదల చేస్తుంది. చలిలో ఇంట్లోంచి బయటి తేమ గాలిలోకి అడుగుపెట్టగానే ఉన్ని దుస్తులు వెచ్చగా అనిపించడానికి ఇదీ ఒక కారణం.

పత్తి గొప్పదనం వేరే చోట ఉంది. ద్రవరూపంలో ఉన్న చెమటను అది ఇట్టే తాగేస్తుంది. కూర్చుని పని చేసుకునేవాళ్లకు అది సుఖం. పరిగెత్తేవాళ్లకు, కొండలెక్కేవాళ్లకు మాత్రం శిక్ష: తాగిన నీటిని త్వరగా వదలదు, ఒంటికి అంటుకుపోతుంది, గాలి తగిలితే వణికిస్తుంది. చలి ప్రదేశాల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లను కాటన్ లోపలి బట్టలు వద్దనేది అందుకే.

ఇక నేత. ఒకే పత్తితో వాయిల్ నేయొచ్చు, కాన్వాస్ నేయొచ్చు. కాన్వాస్ చొక్కా తొడుక్కుని "కాటన్ కదా, చల్లగా ఉండాలే" అనుకుంటే తప్పు పత్తిది కాదు. ఎండాకాలానికి కొనేటప్పుడు బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పోగుల మధ్య సందులు కనిపిస్తే గాలి ఆడుతుంది. కాకపోతే ఆ సందుల్లోంచి ఎండ కూడా లోపలికి వస్తుంది. పలచటి తెల్ల కాటన్ ఎండ నుంచి చర్మాన్ని కాపాడేది చాలా తక్కువ, తడిస్తే మరీ తక్కువ.

అపోహ: ఉన్ని గుచ్చుకుంటే నాకు ఉన్ని అలర్జీ అన్నమాట

చాలామంది విషయంలో అది అలర్జీ కాదు, సూటిగా గుచ్చుకోవడమే. దాదాపు 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి లావున్న పీచు కొసలు చర్మానికి తగిలినప్పుడు వంగవు, పొడుస్తాయి. అంతకన్నా సన్నవి వంగిపోతాయి. మెరినో గొర్రెల మేలురకం ఉన్ని 17 నుంచి 20 మైక్రాన్లు ఉంటుంది, అందుకే మెడకు నేరుగా చుట్టుకున్నా ఇబ్బంది పెట్టదు. అదే గొర్రె ఉన్నిలో ముతక రకాన్ని కంబళికి, తివాచీకి వాడతారు. కంబళి గరుకుగా ఉందని ఉన్ని మొత్తాన్ని తప్పుపట్టడం అన్యాయం.

అపోహ: సహజమైన బట్టే కదా, ఏ సబ్బుతోనైనా ఉతకొచ్చు

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నష్టం ఎక్కువ జరిగేది ఇక్కడే.

సహజ పీచుల్లో రెండు కులాలున్నాయి. మొక్కల నుంచి వచ్చే పత్తి, లినెన్, జనపనార సెల్యులోజ్. జంతువుల నుంచి వచ్చే పట్టు, ఉన్ని ప్రొటీన్. వీటి స్వభావాలు పూర్తిగా ఎదురెదురు. సెల్యులోజ్ క్షారాన్ని, అంటే సోడాను, తట్టుకుంటుంది. గాఢమైన ఆమ్లానికి లొంగిపోతుంది. ప్రొటీన్‌కు ఆమ్లంతో పెద్ద పేచీ లేదు, క్షారమంటే ప్రాణాంతకం. సోడా ఎక్కువున్న బట్టల సబ్బుతో పట్టు చీర నాలుగుసార్లు ఉతికితే మెరుపు చచ్చిపోవడం అందుకే.

మా ల్యాబ్‌లో ఉన్ని, పత్తి కలిసిన బట్టలో ఏది ఎంతుందో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ముక్కను తూచి, హైపోక్లోరైట్ ద్రావణంలో వేసి కదుపుతూ ఉంటాం. ముందు బుడగలు వస్తాయి. తర్వాత ఉన్ని పీచు ఉబ్బుతుంది, జిగురుగా మారుతుంది, ముప్పావుగంట గడిచేసరికి బీకరులో ఉన్ని అంటూ ఉండదు. మిగిలిన పత్తిని కడిగి, ఎండబెట్టి, మళ్లీ తూస్తాం. కొత్తగా చేరినవాళ్లు మొదటిసారి చూసి నోరెళ్లబెడతారు. ఆ హైపోక్లోరైట్ మరేదో కాదు, తెల్లబట్టల మరకలు పోవడానికి ఇళ్లలో వాడే బ్లీచే. మరక పడిందని తెల్ల పట్టు మీద దాన్ని పోసేవాళ్లకు నేను ఈ బీకరు కథే చెబుతాను.

ఇంత తెలిసినదాన్ని నేనేం చేశానో కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మా అమ్మ అల్లిన స్వెటర్‌ను వేడినీళ్లతో వాషింగ్ మెషిన్‌లో తిప్పాను. బయటికి వచ్చింది ఐదేళ్ల పిల్లకు సరిపోయే దళసరి అట్ట. ఉన్ని పొలుసులన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి. వేడి, తడి, కుదుపు మూడూ కలిస్తే పీచులు ఒకదాంట్లోకి ఒకటి జారి, పొలుసులు కొక్కేల్లా తగులుకుంటాయి. ముందుకు జారగలవు గానీ వెనక్కి రాలేవు. అందుకే దాన్ని మళ్లీ సాగదీయడం కుదరదు, ఏ చిట్కా పని చేయదు. మూడింటిలో అసలు దోషి కుదుపు. చల్లటి నీళ్లలో, తేలికపాటి షాంపూలాంటిదాంతో, నలపకుండా ముంచి తీస్తే ఉన్ని ఇంట్లోనే శుభ్రంగా ఉతుక్కోవచ్చు. మెషిన్లో వేయొచ్చని రాసిన ఉన్ని దుస్తులు కూడా ఉంటాయి. వాటి పొలుసుల్ని ముందే రసాయనంతో అరగదీసి, పైన పల్చటి పూత పూస్తారు.

తడిసినప్పుడు బలం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పత్తి, లినెన్ తడిస్తే ఇంకా గట్టిపడతాయి, అందుకే వాటిని బండకేసి బాదినా నడిచింది. పట్టు తడిస్తే కొంత బలం కోల్పోతుంది. విస్కోస్ అయితే సగం దాకా. తడి పట్టును, తడి విస్కోస్‌ను పిండకండి. తువ్వాలులో చుట్టి ఒత్తండి.

అపోహ: కొత్త బట్టను ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఇక దిగదు

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో ఊహించొచ్చు. పత్తికి అద్దకం వేసేటప్పుడు తొట్టిలో ఉప్పు నిజంగానే వేస్తారు, నీళ్లలో ఉన్న రంగును పీచు వైపు నెట్టడానికి. కానీ అది అద్దకం జరిగే చోట చేసే పని. రియాక్టివ్ రంగులు పీచుతో రసాయనికంగా ముడిపడతాయి, ఆ ముడి వేసేది క్షారం, ఉప్పు కాదు. ముడిపడని రంగు పైపైన మిగిలి ఉంటుంది. అద్దకంలో సరిగా కడగకపోతే మీ బకెట్లో దిగేది అదే. దానికి మందు ఉప్పు కాదు, వెనిగర్ అంతకన్నా కాదు. రెండు మూడుసార్లు విడిగా ఉతకడం. నాలుగో ఉతుకులో కూడా నీళ్లు ఎర్రబడుతుంటే, అది మీ ఇంట్లో బాగయ్యే రోగం కాదు.

అపోహ: ఉతికితే పొట్టిగా అయిందంటే నాసిరకం బట్ట

పత్తి పీచు పొట్టిగా అవదు. మగ్గం మీద పోగుల్ని బిగించి లాగి నేస్తారు, నీళ్లు తగలగానే ఆ బిగువు సడలుతుంది. ఇంకో కారణం ఉంది. నీళ్లు తాగిన పేక పోగు ఉబ్బుతుంది. లావెక్కిన పేక చుట్టూ తిరగాలంటే పడుగు పోగుకు ఎక్కువ పొడవు ఖర్చవుతుంది, కాబట్టి బట్ట పొడవు తగ్గుతుంది. ముందే కుదించే యంత్రప్రక్రియ జరగని ఏ నూలు బట్టలోనైనా, ఎంత మేలురకమైనా, ఇది ఉంటుంది. రెండున్నర మీటర్ల ముక్కలో 4 శాతం తగ్గితే 10 సెంటీమీటర్లు పోయినట్టే. కత్తెర పెట్టేముందు తడిపి ఆరేయమని మంచి దర్జీలు పోరేది ఈ 10 సెంటీమీటర్ల కోసమే.

అపోహ: థ్రెడ్ కౌంట్ ఎంత ఎక్కువుంటే దుప్పటి అంత మంచిది

ఒక చదరపు అంగుళంలో పడుగు, పేక కలిపి ఎన్ని పోగులున్నాయన్నదే థ్రెడ్ కౌంట్. మంచి పొడవైన పత్తి పీచుతో నేసిన 300 కౌంట్ దుప్పటి హాయిగా ఉంటుంది. 1,200 అని రాసి ఉంటే అనుమానించండి. నాలుగు సన్నటి దారాలు పురిపెట్టి ఒక పోగు చేసి, దాన్ని నాలుగుగా లెక్కపెడితే 300 కాస్తా 1,200 అయిపోతుంది. నేనైతే అంకెను వదిలేసి పీచు పొడవు అడుగుతాను. పొట్టి పీచుతో వడికిన దారంలో కొసలెక్కువ, ఆ కొసలే పైకి లేచి ఉండలు కడతాయి.

అపోహ: మంచి లినెన్ అయితే నలగదు

నలుగుతుంది. అవిసె పీచు చాలా బలమైంది, కానీ 2, 3 శాతం సాగగానే తెగిపోయేంత మొండిది. ఉన్ని 30 శాతం దాకా సాగి వెనక్కి వస్తుంది. సాగని పీచును మడిస్తే మడత అక్కడే కూర్చుంటుంది. అసలు నలగని "లినెన్" కనిపిస్తే అందులో పాలియెస్టర్ కలిసి ఉండొచ్చు, లేదా రెజిన్ పూత ఉండొచ్చు.

అపోహ: వెదురు బట్ట నూటికి నూరుపాళ్లు సహజం

వెదురు నారను నేరుగా తీసి బట్ట నేయడం సాధ్యమే. అది గరుకుగా ఉంటుంది, మార్కెట్లో చాలా అరుదు. మెత్తగా జారిపోయే "బాంబూ" టీషర్టు, సాక్సు దాదాపు ఎప్పుడూ విస్కోసే. వెదురు గుజ్జును సోడాలో, కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించి దారం తీస్తారు. ఈ పద్ధతికి 1892లో బ్రిటన్‌లో పేటెంట్ వచ్చింది. అంతా అయ్యాక దారంలో వెదురు జాడ ఉండదు, యూకలిప్టస్ గుజ్జుతో చేసినదాన్నీ దీన్నీ మైక్రోస్కోపు కూడా విడదీయలేదు. సూక్ష్మజీవుల్ని చంపుతుందన్న గొప్ప కూడా ఆ కరిగే తొట్టిలోనే పోతుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే, ఇలాంటి వాటిని "వెదురు బట్ట" అని అమ్మిన సంస్థల మీద చర్య తీసుకుంది. లేబుల్ మీద ఉండాల్సిన మాట "వెదురు నుంచి తీసిన విస్కోస్".

విస్కోస్ చెడ్డ బట్టని నేననడం లేదు. ఒంటికి మెత్తగా ఉంటుంది, చక్కగా జారుతుంది, చెమట పీలుస్తుంది. నా దగ్గరే నాలుగున్నాయి. వాటిని పిండకుండా ఆరేస్తాను, అంతే.