చిన్ కొండల మీద గీసిన గీత

మిజోరంలో అతి పెద్ద సరస్సు బర్మాలో ఉందని అక్కడివాళ్లు అంటుంటారు. వినడానికి జోకులా ఉన్నా నిజమే. రిహ్ దిల్ అనే ఆ సరస్సు, టియావ్ నది మీద జోఖౌతార్ వంతెన దాటాక కాస్త దూరంలోనే, బర్మా (ఇప్పటి మయన్మార్)లోని చిన్ రాష్ట్రంలో ఉంది. చచ్చిపోయినవాళ్ల ఆత్మలు దాని మీదుగా పోతాయని ఇటు మిజోలకీ అటు చిన్‌లకీ పాతకాలపు నమ్మకం. మన శ్రీకాకుళం వాళ్లు "రంగం (రంగూన్) పోయొచ్చాం" అని చెప్పుకునే బర్మా వేరు, ఇది వేరు. ఇక్కడంతా కొండలే.

గీత గీసింది తెల్లవాళ్లు. 1889-90 దండయాత్రలో ఈ కొండల్ని పట్టుకుని, లుషాయి కొండల్ని (ఇప్పటి మిజోరం) తర్వాత అస్సాంలో కలిపి, చిన్ కొండల్ని బర్మాకిచ్చారు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయేసరికి అదే రెండు పాలనల మధ్య సరిహద్దయింది.

1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో చిన్, కచిన్, షాన్ నాయకులు బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్‌ని నమ్మి, ఒకే దేశంగా కలిసుండే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. జూలైలో ఆయన్ని చంపేశారు. స్వాతంత్ర్యం వచ్చాక చిన్‌లకు రాష్ట్రం కూడా దక్కలేదు, ప్రత్యేక డివిజన్ అన్నారు. రాష్ట్రం అన్న పేరు 1974లో గానీ రాలేదు. మధ్యలో 1961లో బౌద్ధాన్ని రాజమతం చేశారు. అప్పటికే చిన్‌లలో చాలామంది క్రైస్తవులు, ఇక వాళ్లకి ఎలా ఉంటుంది? 1988లో చిన్ నేషనల్ ఫ్రంట్ అనే సాయుధ సంస్థ పుట్టింది. చిన్న దళమే, 2012లో కాల్పుల విరమణకూ ఒప్పుకుంది.

2021 ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కాక కథ మారింది. చిన్ రాష్ట్రంలోని మిందాత్ పట్టణంలో కుర్రాళ్లు వేటకు వాడే తూమీ అనే నాటు తుపాకులు పట్టుకుని సైన్యానికి ఎదురు నిలబడ్డారు. మందు, గుండు కూరి ఒక్కొక్కటిగా పేల్చే తుపాకులవి, అవతల ఫిరంగులు. మేలో అక్కడ మార్షల్ లా పెట్టారు. సెప్టెంబర్‌లో అదే రాష్ట్రంలోని థాంట్‌లాంగ్ పట్టణంలో కాలుతున్న ఇంటి మంటలార్పడానికి వెళ్లిన పాస్టర్‌ని కాల్చి చంపారు. ఊరు ఖాళీ అయిపోయింది. అక్టోబర్ చివర్లో ఒక్క రోజే నూటికి పైగా ఇళ్లు తగలబడ్డాయి.

జనం ఎటు పోతారు? నది దాటి మిజోరంకే. శరణార్థులను రానివ్వొద్దని ఢిల్లీ చెప్పినా మిజోరం వినలేదు, వాళ్లు మావాళ్లే అంది. తమాషా ఏంటంటే, 2023 నవంబర్‌లో చిన్ దళాలు జోఖౌతార్‌కి ఎదురుగా ఉన్న రిఖౌదార్‌ని పట్టుకున్నప్పుడు అక్కడి సైనికులు కూడా ప్రాణాలు దక్కించుకోవడానికి ఇటే పరిగెత్తారు. 2024లో కేంద్రం సరిహద్దు రాకపోకల్ని బిగించింది, సరిహద్దు జనం వీసా లేకుండా అటూ ఇటూ 16 కిలోమీటర్ల వరకు తిరిగే వెసులుబాటు 10 కిలోమీటర్లకు తగ్గి, పాస్ తప్పనిసరి అయింది. మిజోరం శాసనసభ ముందే వద్దని తీర్మానం చేసినా ఆగలేదు.

ఇంతలో చిన్ దళాల్లో వాళ్లలో వాళ్లకే పడక రెండు వర్గాలయ్యాయి, 2024లో కాల్చుకున్నారు కూడా. 2025 ఫిబ్రవరిలో కలిసిపోతామని సంతకాలు పెట్టింది మాత్రం తమ కొండల్లో కాదు, గీతకి ఇవతల ఐజ్వాల్‌లో, మిజోరం ముఖ్యమంత్రి లాల్‌దుహోమా సమక్షంలో.