అబద్ధం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను చెప్పే సబ్జెక్టు భాషాశాస్త్రం, అందులోనూ మాటకీ సందర్భానికీ ఉండే లంకె. ఈ సంగతి తెలియగానే చాలామంది "అయితే ఎవరు అబద్ధమాడుతున్నారో ఇట్టే పట్టేస్తారన్నమాట" అంటారు. లేదండీ, పట్టలేను. ముందు అదే తేల్చేద్దాం.

అపోహ: అబద్ధమాడేవాడు కళ్ళలోకి చూడడు, తడబడతాడు, కాస్త గమనిస్తే దొరికిపోతాడు.

వాస్తవం: 2006లో బాండ్, డీపాలో అనే ఇద్దరు సైకాలజిస్టులు అంతకుముందు జరిగిన ప్రయోగాలను కుప్పగా పోసి లెక్కేస్తే, నిజమో అబద్ధమో జనం సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. తడబాటు టెన్షన్‌కి గుర్తు, టెన్షన్ నిజం చెప్పేవాడికీ ఉంటుంది, పోలీస్ స్టేషన్లో అయితే మరీను.

అపోహ: జరగనిది చెబితే అబద్ధం, జరిగింది చెబితే కాదు.

వాస్తవం: అప్పు ఇచ్చినాయన ఇంటికొచ్చి "మీ అన్నయ్య ఉన్నాడా?" అన్నాడు. అన్న లోపలి గదిలో నక్కి ఉన్నాడనుకుంటూనే తమ్ముడు "ఊరెళ్ళాడండీ" అనేశాడు. తీరా చూస్తే అన్న అప్పటికే పెరటి గోడ దూకి బస్సెక్కేశాడు. మాట నిజమే అయింది. మరి తమ్ముడు అబద్ధమాడినట్టా, కాదా? క్లాసులో ఎప్పుడడిగినా ఎక్కువమంది ఆడినట్టే అంటారు. 1981లో లిండా కోల్‌మన్, పాల్ కే అనే భాషాశాస్త్రవేత్తలు ఇలాంటి చిన్న కథలు ఎనిమిది అల్లి ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని అడిగారు. మాట వాస్తవానికి తప్పా, చెప్పేవాడు అది తప్పని నమ్ముతున్నాడా, ఎదుటివాణ్ణి మోసం చెయ్యాలనుకున్నాడా అన్న మూడింటినీ ఆ కథల్లో రకరకాలుగా కలిపారు. జనం అన్నిటికంటే ఎక్కువ పట్టించుకున్నది చెప్పేవాడి నమ్మకాన్ని, తర్వాత మోసం చేసే ఉద్దేశాన్ని. మాట అసలు తప్పా ఒప్పా అన్నది ఆఖర్న వచ్చింది.

ఇటు నుంచి కూడా చూడండి. మళ్ళీ ఆ గడప తొక్కే ఉద్దేశం లేకపోయినా "వెళ్ళొస్తాం" అంటాం, దాన్నెవరూ అబద్ధం అనరు. (అయినా చావింట్లో మాత్రం ఆ మాట అనకుండా వచ్చేస్తాం, అంటే దానికి అర్థం పూర్తిగా పోలేదన్నమాట.) చుట్టాలింట్లో "అబ్బే, ఇప్పుడే తినేసి వచ్చామండీ" అన్నా అంతే. ఆవిడ మొదటిసారికి నమ్మదు, నమ్ముతుందని మనమూ అనుకోం.

అపోహ: మాట అక్షరాలా నిజమైతే చాలు, ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు.

వాస్తవం: శామ్యూల్ బ్రాన్‌స్టన్ అని హాలీవుడ్ సినిమాల నిర్మాత, ఆయన కంపెనీ దివాలా తీసింది. విచారణలో అప్పిచ్చినవాళ్ళ లాయరు "మీకు స్విస్ బ్యాంకుల్లో ఖాతాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. "లేవండి." "ఎప్పుడైనా ఉండేవా?" "కంపెనీకి జ్యూరిక్‌లో ఓ ఆరు నెలలు ఉండేది." ప్రతి ముక్కా నిజమే, కాకపోతే తన సొంత పేరు మీద స్విస్ ఖాతా దాదాపు ఐదేళ్ళు నడిచిందన్నది మాత్రం చెప్పలేదు. లాయరేమో ఓహో, ఈయనకి విడిగా లేదన్నమాట అనుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు.

అతను అలా ఎందుకనుకున్నాడు? "పాలున్నాయా?" అంటే "పెరుగుంది" అన్నారనుకోండి, పాలు లేవని ఎవరూ అనకపోయినా మనకి వినపడింది అదే. ఎదుటివాడు మనం అడిగినదానికే, కావలసినంత చెప్తున్నాడన్న నమ్మకం మీద సంభాషణ నడుస్తుంది. పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో వివరించింది ఇదే. బ్రాన్‌స్టన్ సరిగ్గా ఆ నమ్మకాన్నే వాడుకున్నాడు. ప్రమాణం చేసి అబద్ధమాడాడని కింది కోర్టు దోషిగా తేల్చింది. 1973లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. అక్షరాలా నిజమైన జవాబు తప్పుదారి పట్టించినా అది నేరం కాదనీ, మళ్ళీ అడిగి రాబట్టుకోవలసిన బాధ్యత లాయరుదేననీ అంది. జైల్లో పెట్టే విషయంలో అంత జాగ్రత్త ఉండాల్సిందే, నాకు పేచీ లేదు. కానీ అబద్ధమాడలేదని కోర్టు అన్నంత మాత్రాన మోసం చెయ్యలేదని అయిపోదు.

ఇక్కడ ఎవరో ఒకరు ధర్మరాజుని తెస్తారు. నా లెక్కలో ఆ రెండూ ఒకటి కాదు. బ్రాన్‌స్టన్ అన్న ప్రతి మాటా లాయరు చెవిన పడింది. ధర్మరాజు ఏనుగన్న మాటని గొంతులోనే నొక్కేశాడు, అంటే ద్రోణుడికి చేరిన వాక్యమే తప్పు. ఆయనది బ్రాన్‌స్టన్ కంటే బలహీనమైన కేసు. భారతంలో శిక్ష కూడా వెంటనే పడింది, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే రథం కిందికి దిగింది.

అపోహ: 'అట' అనో, 'నాకు తెలిసినంతవరకు' అనో తగిలిస్తే మన పూచీ ఉండదు.

వాస్తవం: "వాళ్ళబ్బాయి ఉద్యోగం పోయిందట" అన్నప్పుడు మీరు రెండు సంగతులు చెప్తున్నారు. ఉద్యోగం పోయిందన్నది ఒకటి, అది మీకు ఎవరో చెప్పారన్నది రెండోది. ఎవరూ చెప్పకుండా మీరే పుట్టించి ఉంటే, ఆ అబ్బాయి ఉద్యోగం నిజంగా ఊడినా మీరాడింది అబద్ధమే. అమెజాన్ ప్రాంతంలో తుయుకా అనే భాష ఉంది. అందులో కళ్ళారా చూశారా, శబ్దం లాంటిదేదో విని తెలుసుకున్నారా, ఆనవాళ్ళని బట్టి పోల్చుకున్నారా, ఎవరైనా చెప్పారా, ఊరికే అలా అనుకుంటున్నారా అన్నది క్రియలోనే చెప్పాలి. మనకి అది తప్పనిసరి కాదు, అందుకే వదిలెయ్యడం తేలిక.

చట్టమూ దీన్ని పట్టించుకుంది. పాత ఐపీసీ 191, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 227 సెక్షన్లో ఓ సంతకం ఉదాహరణ ఉంది. ఫలానా ఆయన సంతకమేనని నమ్మకుండానే "ఆయనదేనని నమ్ముతున్నాను" అని ప్రమాణం చేసి చెబితే అది తప్పుడు సాక్ష్యం. నిజాయితీగా నమ్మి చెబితే, తర్వాత అది ఆయన సంతకం కాదని తేలినా తప్పుడు సాక్ష్యం కాదు.

వాట్సాప్‌లో నన్ను ఎక్కువ కంగారు పెట్టేది పచ్చి అబద్ధాలు కాదు, ఈ రాలిపోయే 'ట'లు. మొదటివాడు "మూసేస్తారట" అంటాడు, మూడోవాడికి చేరేసరికి "మూసేస్తారు" అయిపోతుంది. వీళ్ళలో ఎవరూ అబద్ధమాడలేదు. "ఎవరు చెప్పారు?" అని గట్టిగా అడిగి చూడండి, "అందరూ అంటున్నారు" అని వస్తుంది.